రాత్రంతా నానాలి

చుక్క మేస్త్రి పాత టూత్‌బ్రష్‌ను కిరసనాయిలు పళ్లెంలో ముంచి, కారు సెల్ఫ్ మోటారు షాఫ్టు మరల సందుల్లో పేరుకున్న గ్రీజును తోముతున్నాడు. గ్రీజు అనడమే గానీ, అది గ్రీజుగా ఉండటం ఎప్పుడో మానేసింది. క్లచ్ అరిగి రాలిన పొడి, రోడ్డు దుమ్ము, ఇనుప రజను అన్నీ అందులో కూరుకుపోయి నల్లటి ముద్దగా బిగుసుకుంది. ఇక్కడ తోమితే అక్కడ అంటుకుంటోంది. అతను విసుక్కోలేదు. విసుక్కోవడం అతనికి అలవాటు లేదు, సంతోషపడటమూ అంతంతమాత్రమే. బ్రష్ ముంచడం, తోమడం, గుడ్డపీలికతో తుడిచి వెలుతురుకేసి తిప్పి చూడటం, మళ్లీ ముంచడం. షెడ్డు మూల బెంచీ దగ్గర పొద్దుటి నుంచీ జరుగుతున్నది ఇదే.

ఎదురుగా స్టూలు మీద బావగారు కూర్చుని ఉన్నాడు. మేస్త్రి భార్యకు సొంత అన్నయ్య, ఈ సెల్ఫ్ మోటారు ఊడదీసిన పాత కారుకు సొంతదారు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. వచ్చినప్పటి నుంచీ కారు గొప్పతనం చెబుతున్నాడు. దాన్ని కన్నబిడ్డకన్నా ఎక్కువగా చూసుకుంటాడట. ఎవరినీ చెయ్యి వేయనివ్వడట. రెండు మూడు నెలలకోసారి తనే సెల్ఫ్ మోటారు దించి, పినియన్ మీద వేలితో గ్రీజు దట్టిస్తాడట. యంత్రానికి నూనే ప్రాణం కదా, మరి నేనేం లోటు చేశానని ఇలా మొరాయించింది అని ఆయన బాధ.

లోటు చేయకపోవడమే ఆయన చేసిన తప్పు. తాళం తిప్పగానే సెల్ఫ్ మోటారు గిర్రున తిరుగుతుంది. ఆ విసురుకు పినియన్ అనే చిన్న పళ్లచక్రం మరల మీద జారి ముందుకు దూకి, ఇంజను పెద్ద చక్రాన్ని పట్టుకుని తిప్పుతుంది. ఇంజను అంటుకోగానే వెనక్కి జారి తన చోట కూర్చుంటుంది. దూకడమూ జారడమూ చులాగ్గా జరగాలంటే ఆ మరలు పొడిగా ఉండాలి. మహా అయితే పలుచటి నూనె ఒక్క చుక్క. గ్రీజు పూస్తే కంట పడిన దుమ్మునల్లా చేరదీసి కొన్నాళ్లకు పినియన్‌ను కాళ్లూ చేతులూ కట్టేసి కూర్చోబెడుతుంది. అప్పుడు మోటారు తిరుగుతూనే ఉంటుంది, ఇంజను మాత్రం కదలదు. పాత కార్ల మీద ప్రేమ ఉన్నవాళ్లే ఈ తప్పు చేస్తారు. ప్రేమ లేనివాళ్లు అసలు ఆ మూతే విప్పరు.

ఈ సంగతి మేస్త్రి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు. చెప్పేవాడంటే ప్రసంగం కాదు. చూపుడువేలు ఎత్తి "ఒక్క చుక్క" అనేవాడు, అంతే. అలా చుక్క మేస్త్రి అయ్యాడు. నూనెకే కాదు, మాటకూ అదే కొలత అని షెడ్డు యజమాని నవ్వేవాడు. పలకరిస్తే ఊ కొట్టడం, పలకరించకపోతే అదీ లేదు. నలుగురూ చేరి కబుర్లు చెప్పుకుంటుంటే ఇతను ఒక పక్క బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేవాడు. కోపం వల్ల కాదు, గర్వం వల్ల అసలే కాదు. మాటలు లోపల తయారవుతాయి గానీ బయటికి వచ్చేలోపు అవతలివాళ్లు ఇంకో సంగతిలోకి వెళ్లిపోతారు. కొన్నేళ్లకు తయారవడం కూడా తగ్గిపోయింది.

ఇవాళ పొద్దున టీ దగ్గర భార్య అన్న మాట మాత్రం ఇంకో సంగతిలోకి వెళ్లే రకం కాదు. గ్లాసు అతని ముందు పెట్టి, ఎదురుగా నేల మీద కూర్చుని, గొంతు పెంచకుండా చెప్పింది.

"పొమ్మంటే పోను. ఉండమంటే ఉంటాను. మీరేమీ అనకపోతే మాత్రం సాయంత్రం అన్నయ్యతో వెళ్లిపోతాను."

అతను గ్లాసులోకి చూశాడు. టీ మీద మీగడ కడుతోంది. కొన్నాళ్లపాటా అని అడగలేదు. అడగనక్కర్లేదు. తలుపు పక్కన పెట్టిన సంచుల్లో స్వెట్టర్లు కూడా ఉన్నాయి, అవి వేసుకునే కాలం ఇంకా చాలా దూరం. ఆమె కాసేపు చూసి లేచి వెళ్లింది. అతను టీ తాగి, చొక్కా తొడుక్కుని, షెడ్డుకు వచ్చేశాడు. దారి పొడుగునా ఏమైనా అనిపిస్తుందేమోనని చూసుకున్నాడు. ఏమీ అనిపించలేదు. సుత్తి దెబ్బ తిన్న బొటనవేలు మొదట్లో నొప్పి పుట్టదు, మొద్దుబారి ఉంటుంది. ఎదలోనూ అలాగే ఉంది.

పోయినేడు బావగారి భార్య చనిపోయినప్పుడు ఆమె వెళ్లి అన్న ఇంట్లో ఒక నెల ఉండి వచ్చింది. వచ్చాక బట్టలు కుడుతూ కుడుతూ ఆగి గోడకేసి చూస్తూ ఉండిపోయేది. ఒకరోజు తనంతట తనే చెప్పింది. అక్కడ మాట అంటే తిరిగి మాట వచ్చేదట. చచ్చినావిడ గురించి ఏడుస్తూనే ఎన్నో మాట్లాడుకున్నారట. రాత్రి పడుకుంటే దవడలు నొప్పి పుట్టేవట. అది చెబుతూ నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వి, కుట్టు మిషను బెల్టు వదులైందని బిగించాడు.

మరలు తెల్లబడ్డాయి. పినియన్‌ను వేలితో తోసి చూశాడు. షాఫ్టు కొస దాకా జారి, వంచగానే మళ్లీ తన చోటికి వచ్చి టక్కుమంది. దాన్ని పొడి గుడ్డ మీద పెట్టి మిగతావి చూడటం మొదలుపెట్టాడు. మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు ఇంకా పెద్దగా అరగలేదు. అవి ఒరిపిడి పడే రాగి పట్టీల మీద సన్న గరుకు కాగితం ఆడించి నలుపు తీశాడు. ఆ వైపు నూనె వాసన కూడా తగలనివ్వడు. చివరికి షాఫ్టును మోటారు ముందు మూతలో పెట్టి, కొస పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. టకటకలాడింది.

బుష్ అరిగిపోయింది. షాఫ్టు కొసను మోసే ఇత్తడిలాంటి చిన్న గొట్టం అది. గుండ్రంగా ఉండవలసిన కన్ను కోడిగుడ్డులా సాగింది. అందుకే నిన్న సాయంత్రం వీధి మలుపులో కారు ఆగిపోయినప్పుడు సెల్ఫ్ అంతగా మూలిగింది. ఈడ్చుకుంటూ తిరిగి ఎలాగో అంటుకుంది. పొద్దునకు పినియన్ కూడా పట్టేసి, నలుగురూ కలిసి షెడ్డు దాకా తోసుకు రావలసి వచ్చింది. రెండో చివరి బుష్ చూశాడు. అది శుభ్రంగా ఉంది.

అరిగిన బుష్‌ను వేలితో తడుముతూ ఉండగా మేస్త్రి నెత్తిన పాలు పోసినట్టయింది. కారణం ఉంది. కొత్త బుష్ నిండా కంటికి కనిపించని సన్న రంధ్రాలుంటాయి. ఎక్కించే ముందు రాత్రంతా నూనెలో నానబెడితే ఆ రంధ్రాలు నూనె పీల్చుకుంటాయి. తరువాత ఏళ్ల తరబడి షాఫ్టుకు కావలసినంతే వదులుతూ ఉంటాయి. తొందరలో ఉన్నవాళ్లు అలాగే పొడిగా కొట్టేస్తారు. ఇతను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ పని చేయలేదు. మంత్రిగారి కారైనా సరే, మావాడు నానని బుష్ ఎక్కించడు అని షెడ్డు యజమాని సగం మెచ్చుకోలుగా, సగం తలపట్టుకుని అంటుంటాడు.

ఇప్పుడు కూడా అతనికి నోరు తెరిచే పని లేకుండా యజమానే అన్నాడు. అరిగిన బుష్ చేతిలోకి తీసుకుని చూసి, ఇవాళ్టికి ఈ కారు ఆశ వదులుకోండి, రాత్రంతా నానాలి, రేపే అని బావగారితో చెప్పేశాడు. బావగారు కాస్త గొణిగి, రేపైతే రేపే, చెల్లెలి చేతి భోజనం ఇంకో రెండు పూటలు ఇక్కడే అనుకుంటాను అన్నాడు. మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు. తను అబద్ధం ఆడలేదు. ఎవరినీ బతిమాలలేదు. పని పద్ధతే ఆమెను ఒక రాత్రి ఆపింది. ఒక రాత్రి అంటే తక్కువేం కాదు, ఆ లోపు మాట దొరకవచ్చు.

భోజనానికి ఇంటికి బయలుదేరాడు. ఇల్లు షెడ్డు వెనక సందులోనే. బావగారు యజమానితో కబుర్లలో పడి తరువాత వస్తానన్నాడు. నడుస్తుంటే తండ్రి గుర్తొచ్చాడు. తండ్రి డ్రైవరు. ఆ రోజుల్లో ఇంజనుకు హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పేవారు. ఒక పొద్దున హ్యాండిల్ ఎదురు తన్ని ఆయన మణికట్టు విరిగింది. వంకరగా అతుక్కుంది. ఇక బండి నడపలేదు. గడపలో కూర్చుని వచ్చే పోయే బండ్ల చప్పుళ్లు వినేవాడు. కొడుకును తెచ్చి ఈ షెడ్డులోనే అప్పగిస్తూ, సెల్ఫ్ పని నేర్చుకో, ఎవరి చెయ్యీ విరగదు అన్నాడు. ఆ తండ్రి పోయేనాడు కూడా పక్కన కూర్చుని మేస్త్రి ఒక్క మాట అనలేదు. వంకర మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు.

ఇంట్లో కుట్టు మిషను కనిపించలేదు. పై భాగం విప్పి, దుప్పటిలో చుట్టి సంచుల పక్కన పెట్టింది. బల్ల మాత్రం గోడ వారనే ఉంది. ఆమె వడ్డించింది. అతను కూర్చుని, ముద్ద కలపకముందే, పెళ్లయిన ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది, తనే ముందు మాట ఎత్తాడు.

"బుష్ అరిగింది. రాత్రంతా నానాలి. రేపటికి గానీ కాదు."

ఆమె వంటగది కిటికీ గట్టు మీది పాలగిన్నె తెచ్చి అతని కంచం పక్కన పెట్టింది. ఆ గిన్నె వాళ్ల కాపురం అంత పాతది. కొత్త కాపురంలో అతను అడగకుండా దాన్ని తీసుకుపోయి బుష్‌లు నానబెడితే, పాలు దేంట్లో కాచను, మీ నెత్తి మీదా అని ఆమె విరుచుకుపడింది. అతను కంగారులో జారవిడిస్తే అంచు సొట్టపోయింది. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వుకున్న రోజు అదొక్కటే అతనికి గుర్తు. అప్పటి నుంచీ అది బుష్‌ల గిన్నె.

ఆమె మూత తీసింది. నూనె అడుగున రెండు బుష్‌లున్నాయి. బావగారి కారు కోసం అతను ఎప్పుడో తెచ్చి, కాగితంలో చుట్టి డబ్బాలో దాచిన జత.

"నిన్న మలుపులో ఈడ్చినప్పుడే విన్నాను. బుష్ చప్పుడే. రాత్రే వేశాను," అంది. "ఏ చివరిది పోయిందో తెలీక రెండూ వేశాను."

ఆమె ఎన్నడూ షెడ్డులో అడుగు పెట్టింది లేదు. వీధిలో పోయే బండ్ల చప్పుళ్లు విని అతను తలెత్తే తీరు చూసి, ఏ చప్పుడుకు ఎలా తలెత్తుతాడో చూసి నేర్చుకున్నట్టుంది. అతను కంచం వైపు చూశాడు. ఆమె గిన్నె మూత చేతిలో పట్టుకునే నిలబడింది.

"నన్ను బుష్ వంకతో ఆపకండి. ఆపాలంటే నోటితో ఆపండి."

అతని నోరు కొంచెం తెరుచుకుంది. పెద్ద మాటేం కాదు, చిన్నపిల్లలు కూడా పలికే మాట. నాలుక కొస దాకా వచ్చిందని కూడా అతనికి తెలుస్తోంది. ఒకసారి, చాలా ఏళ్ల కిందట, కడుపులో బిడ్డ నిలవక ఆమె ఆసుపత్రి నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు కూడా ఇలాగే ఒక మాట నాలుక కొస దాకా వచ్చింది. అప్పుడతను లేచి ఆమె కుట్టు మిషను విప్పి, దారపు పోగులు ఏరి, చోటుకొక చుక్క నూనె వేసి మళ్లీ బిగించాడు. అంతకన్నా చేయగలిగింది అతనికి తెలియలేదు. ఆమె చాలా నెలలు ఆ మిషను ముట్టుకోలేదు.

భోజనం ముగించి, ఒక బుష్ నూనెలోంచి తీసి, పిడికిట్లో పట్టుకుని వచ్చేశాడు.

సందు మధ్యలో ఆగి పిడికిలి విప్పాడు. బాగా నానిన బుష్ చేతి వేడికి చెమట పడుతుంది. నానకపోతే పైనున్న నూనె తుడిచేశాక పొడిగానే ఉంటుంది. దాన్ని చొక్కాకు గట్టిగా తుడిచి మళ్లీ పట్టుకుని నిలబడ్డాడు. నానకూడదని కోరుకున్నాడు. కోరుకున్నట్టు అతనికి స్పష్టంగా తెలిసింది. ఆ రోజు మొత్తంలో అతనికి గట్టిగా అనిపించింది అదొక్కటే. కాసేపటికి చూస్తే బుష్ చుట్టూ సన్నగా నూనె ఊరి, అరచేతి గీతల్లోకి దిగుతోంది. ఆమె పద్ధతిగా నానబెట్టింది.

షెడ్డులో పని త్వరగానే తెమిలింది. పాత బుష్ కొట్టి తీశాడు. షాఫ్టు కొలతకు చేయించుకున్న ఉక్కు కడ్డీకి కొత్తదాన్ని తొడిగి, చెక్క సుత్తితో కొద్దికొద్దిగా దించాడు. నూనె పట్టిన బుష్ లోపల ఏదీ పెట్టి గీకకూడదు, రంధ్రాలు పూడుకుపోతాయి. అందుకని మొదటి దెబ్బ నుంచే నిటారుగా దించాలి. దించాడు. బుష్ ఎక్కడిదని యజమాని అడిగితే ఇంట్లో నానేసి ఉంది అన్నాడు. రెండోది కూడా మార్చెయ్యకపోయావా అంటే తల అడ్డంగా ఊపాడు. బాగున్నదాన్ని కొట్టి తీయడం అతని పద్ధతి కాదు.

పినియన్ ఎక్కించే ముందు అతని చెయ్యి ఆగింది. గ్రీజు డబ్బా మోచేతి పక్కనే ఉంది. ఒక్క వేలు పూస్తే చాలు. బండి ఇవాళ అంటుకుంటుంది, వెళుతుంది, కొన్నాళ్లకు వాళ్ల ఊళ్లో మళ్లీ పట్టేస్తుంది. బావగారు ఆమెను కూడా ఎక్కించుకుని ఎలాగోలా తన దగ్గరికే తీసుకొస్తాడు. అలా రావడం కూడా రావడమే కదా అనుకున్నాడు. అనుకుంటూనే నూనె బుడ్డి అందుకుని, మరల మీద ఒక్క చుక్క వేసి, వేలితో పలుచగా పాముతూ మిగిలినది గుడ్డకు తుడిచేశాడు. మంచితనం అనుకోవడానికి లేదు. మరోలా చేయడం చేతులకు రాదు. బెంచీ మీద బ్యాటరీ తగిలించి చూస్తే మోటారు ఒకే స్వరంతో తిరిగింది.

ఎండ వాలేసరికి కారు ఇంటి ముందుకు వచ్చింది. సంచులు వెనక ఎక్కించారు. దుప్పటిలో చుట్టిన కుట్టు మిషను వెనక సీటులో మనిషిలా కూర్చుంది. బావగారు డ్రైవరు సీటులో సర్దుకుంటూ, మా ఇంటికి నువ్వూ వస్తూ ఉండు బావా అని ఏదేదో చెబుతూనే ఉన్నాడు. ఆయనకు పొద్దుటి మాట తెలిసినట్టు లేదు. ఆమె కారు తలుపు తీసి, ఎక్కకుండా, తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది. అతనికేసి చూస్తోంది. తొందర పెట్టలేదు. మేస్త్రి చేతిలో గుడ్డపీలిక ఉంది. దాన్ని మడిచాడు, విప్పాడు. గొంతు సవరించుకున్నాడు.

"బావగారూ," అన్నాడు.

ఇద్దరూ చూశారు.

"పినియన్‌కి ఇక గ్రీజు పెట్టకండి. దుమ్ము పట్టేస్తుంది. విప్పితే కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టండి. పలుచటి నూనె ఒక్క చుక్క, అదీ తుడిచెయ్యండి. బ్రష్‌ల వైపు అసలొద్దు. బుష్‌కి కూడా మీరేం పొయ్యక్కర్లేదు. అందులో ఉన్నది చాలు. అదే ఇచ్చుకుంటుంది, చాలా ఏళ్లు ఇస్తుంది. చలికాలం పొద్దునపూట కాస్త బరువుగా తిరిగితే కంగారుపడి వరసపెట్టి తాళం తిప్పకండి, ఆగి ఆగి తిప్పండి. దానికి ఊపిరి తీసుకోనివ్వాలి."

అతను అంత పొడుగు మాట్లాడటం ఆ వీధిలో ఎవరూ విని ఉండరు. చెప్పడం మొదలుపెట్టాక ఆపడం తెలియలేదు. మాట మీద మాట వచ్చేస్తోంది, అన్నీ సరైన మాటలే, ఒక్కటీ తను అనవలసింది కాదు. ఆమె తలుపు మీద చెయ్యి తీయకుండా చివరి దాకా వింది. విన్నాక నెమ్మదిగా అడిగింది.

"అయిపోయిందా?"

అతను తల ఊపాడు. ఆమె ఎక్కి కూర్చుని తలుపు వేసుకుంది.

బావగారు తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే పినియన్ దూకి పట్టుకుంది, ఇంజను అంటుకుంది, పినియన్ వెనక్కి వచ్చి కూర్చుంది. ఈడ్పు లేదు, మూలుగు లేదు. మేస్త్రి అలవాటుగా తల పక్కకు వంచి విన్నాడు. పని బాగా వచ్చిందని అతనికి సంతోషం కలిగింది. ఆ సంతోషం కలిగినందుకు సిగ్గేసింది. రెండూ వచ్చినట్టే వచ్చి పోయాయి, మళ్లీ ఏమీ లేదు. ఆమె కిటికీలోంచి చూస్తూ, బాగా పలికింది అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. మంచి పనిని మంచి పని అనడమే. కారు మలుపు తిరిగింది. ఆ మలుపులో కూడా ఆగలేదు.

ఎదురింటావిడ వాకిట్లోకి వచ్చి, పుట్టింటికా, ఎన్నాళ్లు అని అడిగింది. అతను తెలీదన్నట్టు చెయ్యి తిప్పి లోపలికి వెళ్లాడు.

మిషను బల్ల మీద నాలుగు స్క్రూ కన్నాలు ఖాళీగా ఉన్నాయి. బల్ల కింద దారపు పోగులు కొన్ని, ఒక గుండీ. అతను వంగి గుండీ తీసి బల్ల మీద పెట్టాడు. వంటగదిలో గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి, రాత్రికి వండి మూత పెట్టి ఉంది. కాసేపు గడప దగ్గర నిలబడ్డాడు.

"ఉండు," అన్నాడు.

ఇంట్లో ఎవరూ లేరు. మాట తడబడలేదు, గొంతు బొంగురుపోలేదు. ఎప్పుడూ అనే మాటలాగే వచ్చింది. ఇంకోసారి అనలేదు.

చేతులు కడుక్కోవడానికి తూము దగ్గరికి వెళ్లాడు. కిటికీ గట్టు మీద, అంచు సొట్టపోయిన పాలగిన్నెలో, నూనె అడుగున రెండో బుష్ అలాగే ఉంది.